తిన్న పిల్లాడు, తిన్న ఇడ్లీ, తిన్న హోటల్: ఇంగ్లిష్‌లో హూ, హూమ్, విచ్, దట్ ఎక్కడ ఏది వాడాలి?

ముందు ఈ తెలుగు ముక్కలు చూడండి. ఇడ్లీ తిన్న పిల్లాడు. పిల్లాడు తిన్న ఇడ్లీ. మనం తిన్న హోటల్. ఇడ్లీ తిన్న చెయ్యి. ఇడ్లీ తిన్న రోజు.

అన్నిట్లోనూ ఉన్నది ఒకటే మాట, ‘తిన్న’. పిల్లాడు తిన్నవాడు, ఇడ్లీ కడుపులోకి పోయింది, హోటల్ చోటు, చెయ్యి సాధనం, రోజు కాలం. ఇంత తేడా ఉన్నా మనకు ఏ ఇబ్బందీ లేదు. ఇడ్లీ పిల్లాణ్ణి తినదని వినేవాడికి తెలుసు కాబట్టి వాడే సర్దుకుంటాడు. ఇంగ్లిష్ అలా సర్దుకోదు. ఈ ఐదింటికీ వరసగా హూ, విచ్, వేర్, విత్ విచ్, వెన్ అని ఐదు వేర్వేరు మాటలు అడుగుతుంది. మన దగ్గర క్రియాజన్య విశేషణం ఒక్కటే చేసే పనిని వాళ్ళు రిలేటివ్ ప్రొనౌన్లకూ వాటి చుట్టాలకూ పంచిపెట్టారు.

చాలా ఏళ్ళుగా సాయంత్రాలు పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు ఇంగ్లిష్ చెబుతున్నాను. దాదాపు అందరూ ఒకే సూత్రంతో వస్తారు: మనుషులకు హూ, వస్తువులకు విచ్. అది తప్పేం కాదు, కాకపోతే చాలదు. మనిషా వస్తువా అన్నది తేలికైన ప్రశ్న. మన ‘ఎవరు’, ‘ఏది’ లాంటిదే. అసలు చిక్కు ఆ మనిషి లేదా ఆ వస్తువు లోపలి వాక్యంలో ఏ పని చేస్తోందన్న దగ్గర ఉంది. తెలుగు ఆ సంగతి బయటికి చెప్పదు కాబట్టి మనకు దాన్ని వెతికే అలవాటు ఉండదు. ఆ అలవాటు చేసుకోవడానికే ఈ మెట్లు.

ఇంగ్లిష్ వాక్యాలను కూడా తెలుగు అక్షరాల్లోనే రాశాను. పైకి చదవండి. ఎక్కడ ఆగాలో నోటికి తెలిస్తే కామా ఎక్కడ పెట్టాలో చేతికి తెలుస్తుంది.

మొదటి మెట్టు: రెండు వాక్యాలుగా విరవండి

‘నిన్న వచ్చినాయన మా మేనమామ’ అని ఇంగ్లిష్‌లో చెప్పాలి. ఒక్కసారిగా అనువాదం చేయబోకండి. రెండు చిన్న వాక్యాలు చేయండి: "ది మ్యాన్ ఈజ్ మై అంకుల్." "హీ కేమ్ ఎస్టర్‌డే." ఇప్పుడు రెండో వాక్యంలో ఆ మనిషికి బదులు ఏ మాట పడిందో చూడండి. ‘హీ’ పడింది. హీ పడితే హూ. అంతే.

ఈ లెక్క ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి:

హీ, షీ, దే పడితే హూ.
హిమ్, హర్, దెమ్ పడితే హూమ్.
హిజ్, హర్, దేర్, ఇట్స్ అని ‘యొక్క’ అర్థం వస్తే హూజ్.
ఇట్ పడితే విచ్ లేదా దట్. వస్తువులు చాలా ఉండి ‘దే’, ‘దెమ్’ పడినా ఇంతే.
‘అక్కడ’ అనే దేర్ పడితే వేర్. ‘అప్పుడు’ అనే దెన్ పడితే వెన్.

హర్ రెండు చోట్ల ఉంది, దేర్ కూడా రెండు చోట్ల ఉంది. అర్థం చూసుకోవాలి: ‘ఆమెను’ అయితే హూమ్, ‘ఆమె యొక్క’ అయితే హూజ్.

తర్వాతి పని, బదులు పడిన మాటను పూర్తిగా తీసేసి, రిలేటివ్ మాటను తెచ్చి నామవాచకం పక్కన కూర్చోబెట్టడం. "ది మ్యాన్ హూ కేమ్ ఎస్టర్‌డే ఈజ్ మై అంకుల్." తీసేయడం అన్నాను, గట్టిగా పట్టుకోండి. నేను దిద్దే పేపర్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు ఇది: "ది బుక్ విచ్ ఐ బాట్ ఇట్ ఎస్టర్‌డే." విచ్ వచ్చాక ఇట్ ఇంకా అక్కడే ఉంది. ఒక్క సీటుకు ఇద్దరు టికెట్ తీసుకున్నట్టు. "ది బుక్ విచ్ ఐ బాట్ ఎస్టర్‌డే" అనాలి. బాట్ తర్వాత ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ చెవికి వెలితిగా అనిపించి మనవాళ్ళు ఇట్‌తో పూడుస్తారు. అక్కడ వెలితి ఉండటమే సరైనది.

రెండో మెట్టు: హూ, హూమ్

‘నిన్న బస్టాండులో కొట్టిన అబ్బాయి’. కొట్టింది వాడా, దెబ్బలు తిన్నది వాడా? తెలుగులో ఇంతవరకే చెబితే రెండూ కావచ్చు. ఇంగ్లిష్‌లో ఇది కుదరదు, తేల్చి చెప్పాలి. వాడు రవిని కొడితే "ది బాయ్ హూ హిట్ రవి". రవి వాణ్ణి కొడితే "ది బాయ్ హూమ్ రవి హిట్".

ఇక్కడొక కొండగుర్తు. ఆ మాట వెంటనే క్రియ వస్తే హూ. వెంటనే ఇంకో కర్త వచ్చి కూర్చుంటే హూమ్. పై రెండు వాక్యాల్లో హూ పక్కన ‘హిట్’ ఉంది, హూమ్ పక్కన ‘రవి’ ఉన్నాడు. పదింట తొమ్మిది సార్లు ఇది పనిచేస్తుంది.

పదోసారి పరీక్ష రాసేవాళ్ళు పడిపోతారు. "ది క్యాండిడేట్ హూమ్ వుయ్ థింక్ విల్ విన్." ఇది తప్పు. కొండగుర్తు ప్రకారం పక్కన ‘వుయ్’ ఉంది కదా, హూమ్ ఎందుకు కాదు? ‘వుయ్ థింక్’ అనేది మధ్యలో దూరిన అతిథి. దాన్ని వేలితో మూసి మిగిలింది చదవండి: ‘విల్ విన్’. గెలిచేది ఎవరు? హీ విల్ విన్. కాబట్టి హూ. అదే "ది క్యాండిడేట్ హూమ్ వుయ్ థింక్ ది పార్టీ విల్ సెలెక్ట్" అయితే హూమే సరి, ఎందుకంటే పార్టీ ‘హిమ్’ సెలెక్ట్ చేస్తుంది. ఐ థింక్, దే సే, వుయ్ బిలీవ్ లాంటివి మధ్యలో కనిపిస్తే ముందు వాటిని మూసేయండి.

మాటల్లో హూమ్ వాడితే కాస్త పంతులుగారి వాసన వస్తుంది, నిజమే. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళు కూడా మాట్లాడేటప్పుడు హూ అనేస్తారు, లేదంటే అసలు ఏ మాటా లేకుండా "ది బాయ్ రవి హిట్" అని ముగిస్తారు. ఒక్క చోట మాత్రం హూమ్ తప్పదు. ముందు టు, ఫర్, విత్, ఫ్రమ్ లాంటి ప్రిపొజిషన్ ఉంటే హూమే రావాలి. ఇది గుర్తు పెట్టుకోవడానికి కష్టపడక్కర్లేదు. మన కాలేజీల్లో, ఆఫీసుల్లో ఇచ్చే సర్టిఫికెట్ల నెత్తిన ఉంటుంది చూడండి, "టు హూమ్ సో ఎవర్ ఇట్ మే కన్సర్న్" అనో "టు హూమ్ ఇట్ మే కన్సర్న్" అనో. అక్కడ టు హూ అని ఎవరూ రాయరు.

మూడో మెట్టు: కామా పెట్టాలా, వద్దా

ఇది తేలకుండా విచ్, దట్ తగువు తేలదు. అందుకే కాస్త నిదానంగా చూద్దాం.

కొన్నేళ్ళ క్రితం మా అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డుకు ఒక నోటీసు రాసిపెట్టాను. ఇంగ్లిష్ చెప్పేవాడినని నాకే అప్పగించారు. రాసింది ఇది: "ది టెనెంట్స్, హూ హావ్ నాట్ పెయిడ్ ది మెయింటెనెన్స్, షుడ్ మీట్ ది సెక్రటరీ." రెండు కామాలు చక్కగా పెట్టాను. సాయంత్రానికి మూడో అంతస్తులో అద్దెకుండే ఒకాయన రసీదు చేత్తో పట్టుకుని వచ్చాడు. ‘నేను ఒకటో తారీఖునే కట్టాను సార్, మమ్మల్నందరినీ కలిపి ఎగ్గొట్టేవాళ్ళంటారేంటి’ అన్నాడు. ఆయన కోపం న్యాయమైనదే. కామాలతో ఆ వాక్యం అర్థం ‘అద్దెకున్నవాళ్ళెవరూ డబ్బు కట్టలేదు, అందరూ వచ్చి కలవండి’ అని. కామాలు లేకపోతే ‘కట్టనివాళ్ళు మాత్రం వచ్చి కలవండి’ అని. నోటీసు చింపి, కామాలు లేకుండా మళ్ళీ రాశాను.

సూత్రంగా చెప్పాలంటే, ఆ ముక్క ‘ఏ ఒక్కరు’ లేదా ‘ఏవి మాత్రమే’ అని ఏరి చూపిస్తుంటే కామా వద్దు. ఎవరో ముందే తెలిసిపోయి, ఆ ముక్క కేవలం అదనపు సమాచారం అయితే ముందూ వెనకా కామాలు కావాలి. పరీక్ష సులువు. ఆ ముక్కను ఎత్తి అవతల పడేయండి. మిగిలిన వాక్యం నిజంగానే నిలబడితే కామాలు. అర్థం మారిపోయినా, ‘ఎవరు?’ అన్న ప్రశ్న పుట్టినా కామాలు లేవు.

అన్నదమ్ముల వాక్యం చూడండి. "మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ వరంగల్ ఈజ్ ఎ డాక్టర్." కామాల్లేవు; అంటే నాకు ఇంకా అన్నదమ్ములున్నారు, వాళ్ళలో వరంగల్‌లో ఉన్నవాడి సంగతి చెబుతున్నాను. "మై బ్రదర్, హూ లివ్స్ ఇన్ వరంగల్, ఈజ్ ఎ డాక్టర్" అంటే ఉన్నది ఒక్కడే. తెలుగులో అయితే ఇదే తేడాకు మనం వాక్యం కట్టే తీరే మారుస్తాం. ‘వరంగల్‌లో ఉండే తమ్ముడు డాక్టరు’ అంటే ఏరడం. ‘మా తమ్ముడు వరంగల్‌లో ఉంటాడు, డాక్టరు’ అంటే అదనం. అనుమానం వస్తే ఇంగ్లిష్ వాక్యాన్ని పక్కన పెట్టి, తెలుగులో ఈ రెండింట్లో ఏది అంటారో నోటితో అని చూడండి.

ప్రపంచంలో ఒక్కటే ఉన్నవాటికి, పేరు పెట్టి చెప్పినవాటికి మామూలుగా కామాలే: "ది గోదావరి, విచ్ రైజెస్ నియర్ త్రయంబకేశ్వర్, ఫ్లోస్ ఇంటు ది బే ఆఫ్ బెంగాల్." గోదావరులు పది ఉండవు కాబట్టి ఏరాల్సిన పని లేదు.

నాలుగో మెట్టు: విచ్, దట్

రెండు చోట్ల దట్‌కు ప్రవేశం లేదు. కామా పెట్టి అదనపు సమాచారం చెప్పేచోట రాదు. పై వాక్యంలో "ది గోదావరి, దట్ రైజెస్" అంటే తప్పు. ప్రిపొజిషన్ వెంటనే కూడా రాదు. "ది హౌస్ ఇన్ దట్ ఐ వాజ్ బార్న్" తప్పు, "ది హౌస్ ఇన్ విచ్ ఐ వాజ్ బార్న్" ఒప్పు. దట్ మీద అంత ఇష్టం ఉంటే ఆ ‘ఇన్’ను చివరికి నెట్టండి: "ది హౌస్ దట్ ఐ వాజ్ బార్న్ ఇన్." వాక్యం చివర ప్రిపొజిషన్ రాకూడదని మనకు బళ్ళో చెప్పారు గానీ, ఇంగ్లిష్‌లో అది ఎప్పటి నుంచో ఉన్న అలవాటే.

మిగిలింది కామా లేని చోటు. గొడవంతా ఇక్కడే. "ది బుక్ దట్ ఐ బాట్" అనాలా, "ది బుక్ విచ్ ఐ బాట్" అనాలా? రెండూ సరైనవే. కానీ అమెరికా పత్రికలు, ప్రచురణకర్తలు చాలామంది కామా లేకపోతే దట్, కామా ఉంటే విచ్ అని గీత గీసుకున్నారు. చాలా గ్రామర్ చెకర్లు కామా లేని విచ్ కింద గీత గీసేది అందుకే. ఈ విభజనకు బాగా పేరు తెచ్చినవాడు హెన్రీ ఫౌలర్ అనే ఇంగ్లిష్ నిఘంటుకారుడు. 1926లో వచ్చిన తన వాడుక నిఘంటువులో, రచయితలంతా ఇలా పంచుకోవడానికి ఒప్పుకుంటే బాగుంటుందని ఆయన సూచించాడు. అప్పటికే అందరూ అలా రాస్తున్నారని ఆయన అనుకోలేదు. తమాషా ఏమిటంటే ఆయన దేశం బ్రిటన్ కంటే అమెరికాయే దాన్ని గట్టిగా పట్టుకుంది.

అలాగని కామా లేని విచ్‌ను తప్పని కొట్టేస్తే చాలా పెద్దవాళ్ళకు మార్కులు తగ్గించాల్సి వస్తుంది. 1941లో పెర్ల్ హార్బర్ దాడి మర్నాడు అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అన్నది "ఎ డేట్ విచ్ విల్ లివ్ ఇన్ ఇన్ఫమీ". మన రాజ్యాంగంలో 13వ అధికరణం రెండో క్లాజు తీయండి: "ది స్టేట్ షల్ నాట్ మేక్ ఎనీ లా విచ్ టేక్స్ అవే ఆర్ అబ్రిడ్జెస్ ది రైట్స్ కన్ఫర్డ్ బై దిస్ పార్ట్". ఇక్కడ విచ్ పక్కాగా ఏరే పనిలో ఉంది, ముందు కామా లేదు. హక్కులను హరించే చట్టాలు మాత్రమే చేయకూడదు, అన్ని చట్టాలూ కాదు.

కాబట్టి నా సలహా ఇది. అమెరికా యూనివర్సిటీకో, అమెరికా క్లయింటుకో రాస్తుంటే వాళ్ళ గీత పాటించండి, కామా లేకపోతే దట్. ఇక్కడి ఆఫీసు ఉత్తరాలకు ఏదైనా ఫరవాలేదు. పోటీ పరీక్షలో రెండు ఆప్షన్లూ కనిపించి కామా లేకపోతే దట్ కొట్టండి. దానితో నష్టపోయే సందర్భం తక్కువ.

దట్ వైపు తక్కెడ బాగా మొగ్గే చోట్లు కొన్ని ఉన్నాయి: ఆల్, ఎవ్రీథింగ్, నథింగ్, ఎనీథింగ్, ది ఓన్లీ, ఇంకా బెస్ట్, ఫస్ట్ లాంటి మాటల తర్వాత. "ఆల్ దట్ గ్లిటర్స్ ఈజ్ నాట్ గోల్డ్" అన్న సామెత గుర్తుంటే చాలు. మనవాళ్ళు ఇక్కడ వాట్ తెచ్చి పెడతారు, "ఆల్ వాట్ ఐ నో" అని. వాట్ అంటేనే ‘ఏదైతే అది’. దాని కడుపులోనే నామవాచకం ఉంది. ముందు ఇంకో నామవాచకం గానీ ‘ఆల్’ గానీ పెట్టకూడదు. "వాట్ ఐ నో" అనండి, లేదా "ఆల్ దట్ ఐ నో" అనండి.

మనుషులకు దట్ వాడొచ్చా? వాడొచ్చు, "ది మ్యాన్ దట్ కేమ్" తప్పు కాదు. అయినా దరఖాస్తులో పై అధికారి గురించి రాసేటప్పుడు హూ వాడటం మర్యాదగా ఉంటుంది. విచ్ మాత్రం ఇప్పుడు మనుషులకు వాడరు. ఒకప్పుడు వాడేవారు. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో పరలోక ప్రార్థన "అవర్ ఫాదర్ విచ్ ఆర్ట్ ఇన్ హెవెన్" అని మొదలవుతుంది. ఇంట్లో పెంచుకునే కుక్కకు పేరు పెట్టి పిలుచుకుంటే హూ, వీధి కుక్కకు విచ్ లేదా దట్. ఇందులో వ్యాకరణం కంటే ప్రేమ ఎక్కువ.

ఐదో మెట్టు: హూజ్

‘వాళ్ళ నాన్న బ్యాంకులో పనిచేసే అమ్మాయి’. తెలుగులో ‘వాళ్ళ’ అనే మాట పెట్టకపోతే ఈ వాక్యం నడవదు. అదే అలవాటు ఇంగ్లిష్‌లోకి వెళ్ళి "ది గర్ల్ హూ హర్ ఫాదర్ వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్" అవుతుంది. హూ, హర్ రెండూ కలిసి కరిగితే వచ్చేదే హూజ్: "ది గర్ల్ హూజ్ ఫాదర్ వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్." హూజ్ తర్వాత ‘ది’, ‘హర్’, ‘హిజ్’ ఏవీ రావు, సూటిగా నామవాచకమే.

వస్తువులకు హూజ్ పనికిరాదని కొందరు చెబుతారు. నమ్మకండి. "ఎ హౌస్ హూజ్ రూఫ్ లీక్స్" శుభ్రమైన ఇంగ్లిష్. దీనికి బదులు "ఎ హౌస్ ది రూఫ్ ఆఫ్ విచ్ లీక్స్" అని రాస్తే వాక్యం నడుం వంగిపోతుంది. ఇంకో జాగ్రత్త, ‘హూ ఈజ్’ కుదించి అపాస్ట్రఫీతో రాసే హూజ్ వేరు. రెండూ చెవికి ఒకటే, తెలుగు లిపిలోనూ ఒకటే. రాసేటప్పుడు ‘హూ ఈజ్’ అని విడదీసి చదివితే అర్థం వస్తేనే అపాస్ట్రఫీ.

ఆరో మెట్టు: పుట్టిన ఊరు, చూసిన ఊరు

తెలుగులో ఈ రెండు మాటలూ కవల పిల్లల్లా ఉంటాయి. ఇంగ్లిష్‌లో మాత్రం "ది టౌన్ వేర్ ఐ వాజ్ బార్న్", "ది టౌన్ విచ్ ఐ సా". ఎందుకు? విరిచి చూడండి. ఐ వాజ్ బార్న్ ‘దేర్’, ఐ సా ‘ఇట్’. ఊరు కాబట్టి వేర్ అనుకుని "ది టౌన్ వేర్ ఐ విజిటెడ్" అని రాస్తే తప్పు. విజిట్ చేసేది ‘ఇట్’నే. రోజుల సంగతీ ఇంతే: "ది డే వెన్ వుయ్ మెట్", కానీ "ది డే విచ్ ఐ కాంట్ ఫర్గెట్". కలిసింది ఆ రోజున, మరచిపోలేనిది ఆ రోజును. తెలుగు విభక్తి చూసుకున్నా తెలిసిపోతుంది. ‘లో’, ‘న’ వస్తే వేర్, వెన్. ‘ను’ వస్తే విచ్, దట్.

ఏడో మెట్టు: ఎప్పుడు వదిలేయొచ్చు

కర్మ స్థానంలో ఉన్న మాటను, కామాలు లేకపోతే, హాయిగా వదిలేయొచ్చు: "ది మూవీ వుయ్ సా", "ది అంకుల్ ఐ మెట్". కర్త స్థానంలో ఉన్నదాన్ని వదలకూడదు. "ది మ్యాన్ కేమ్ ఎస్టర్‌డే ఈజ్ మై అంకుల్" అంటే రెండు క్రియలు కొట్టుకుంటాయి. ఇక్కడ కూడా పాత కొండగుర్తే: పక్కన ఇంకో కర్త ఉంటే వదలొచ్చు, పక్కన క్రియ ఉంటే ఉంచాలి.

క్రియ గురించి ఒక్క మాట. "హీ ఈజ్ వన్ ఆఫ్ ది స్టూడెంట్స్ హూ హావ్ పాస్డ్" అనాలి, హాజ్ కాదు. పాసైనవాళ్ళు చాలామంది, వాళ్ళలో వీడొకడు. "ది ఓన్లీ వన్ ఆఫ్ ది స్టూడెంట్స్ హూ హాజ్ పాస్డ్" అంటే పాసైంది వాడొక్కడే.

ఇక ఒక ఉత్తరం దిద్దుదాం

బస్సులో బ్యాగు పోగొట్టుకున్న ఒకాయన రాసిన అర్జీ అనుకోండి:

"ఐ లాస్ట్ ఎ బ్యాగ్ విచ్ ఐ బాట్ ఇట్ లాస్ట్ మంత్. ది కండక్టర్ హూమ్ వాజ్ ఆన్ డ్యూటీ టోల్డ్ మీ ఆల్ వాట్ హీ న్యూ. ది బస్ ఇన్ దట్ ఐ ట్రావెల్డ్ ఈజ్ నౌ ఎట్ ది డిపో వేర్ ఐ విజిటెడ్ ఎస్టర్‌డే. మై సన్ హూ హిజ్ సర్టిఫికెట్స్ వర్ ఇన్ ది బ్యాగ్ హాజ్ ఎన్ ఇంటర్వ్యూ ఆన్ మండే."

కింద చూడకుండా ముందు మీరే దిద్ది చూడండి. మొదటి వాక్యంలో ఇట్ ఎగిరిపోవాలి: "ఎ బ్యాగ్ దట్ ఐ బాట్ లాస్ట్ మంత్". రెండో వాక్యంలో హూమ్ పక్కనే ‘వాజ్’ ఉంది, కాబట్టి హూ. ఆల్ తర్వాత వాట్ కాదు, దట్. మూడోదాంట్లో "ది బస్ ఇన్ విచ్ ఐ ట్రావెల్డ్", అలాగే "ది డిపో విచ్ ఐ విజిటెడ్" లేదా ఉత్తిగా "ది డిపో ఐ విజిటెడ్". చివరి వాక్యంలో హూ హిజ్ రెండూ కరిగి హూజ్ కావాలి: "మై సన్ హూజ్ సర్టిఫికెట్స్ వర్ ఇన్ ది బ్యాగ్ హాజ్ ఎన్ ఇంటర్వ్యూ ఆన్ మండే".

ఈ చివరి వాక్యంలో సన్ తర్వాత ఒకటి, బ్యాగ్ తర్వాత ఒకటి కామాలు పెట్టాలా వద్దా అన్నది మాత్రం నేను చెప్పలేను. అర్జీ రాసినాయన్ను, మీకు మగపిల్లలు ఎంతమందండీ అని అడగాలి.